హంస అడిగే ప్రశ్న

ఉద్యోగంలో నా మొదటి ఊరు వడోదర. 2013లో అక్కడ చేరినప్పుడు నా దగ్గర రెండు సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కర్, పదో తరగతి గట్టెక్కడానికి చదివిన హిందీ ఉన్నాయి. మాది గుంటూరు పక్క పల్లెటూరు. ఆ హిందీతో పరీక్ష రాయొచ్చు కానీ పాలవాడితో మాట్లాడలేం. స్టాఫ్ రూమ్‌లో అందరూ నవ్వితే నేనూ నవ్వేదాన్ని, ఎందుకు నవ్వారో తెలిసేది కాదు. మీటింగుల్లో నోరు విప్పేదాన్ని కాదు. ‘తెలుగు మేడమ్ చాలా నెమ్మదస్తురాలు’ అని పేరొచ్చింది. మా అమ్మ వింటే ఆశ్చర్యపోయేది.

ఆ నవంబరులో తోటి టీచర్లు నన్నూ సినిమాకి లాక్కెళ్లారు. సంజయ్ లీలా భన్సాలీ తీసిన ‘గోలియోం కీ రాస్‌లీలా రామ్-లీలా’. మాటలు సగమే అర్థమయ్యాయి గానీ, అందులో ధన్‌కోర్ అనే పెద్దావిడ ఉంది, కథానాయిక తల్లి, ఒక ముఠాకి నాయకురాలు. ఆమె చూపు అర్థం కావడానికి ఏ భాషా అక్కర్లేకపోయింది. రాత్రి ఇంటికొచ్చి, మా ఇంటి ఓనర్ బామ్మకి నా విరిగిన హిందీలో ఆమె గురించి చెప్పాను. గుజరాతీలో బామ్మని ‘బా’ అంటారు. బా పళ్లు లేని నోటితో కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. మనవణ్ణి పిలిచి కంప్యూటర్‌లో ఏదో పెట్టమంది.

తెరమీద అదే మనిషి. ముదురు రంగు చీర, గుజరాతీ పద్ధతిలో వెనకనుంచి కుడి భుజం మీదుగా ముందుకు వేసుకున్న పమిట. ముఖంలో చీకూచింతా లేని అమాయకత్వం. ఎవరో ఒక ఇంగ్లీషు మాట అన్నారు. ఆమె భర్త వైపు తిరిగి, ప్రఫుల్, అంటే ఏమిటి అని అడిగింది. అతను ఆ మాటని అడ్డంగా నరికి, ముక్కల్లోంచి హిందీ మాటలు పుట్టించి, ఒక చిన్న కథ అల్లి చెప్పాడు. అంతా తప్పే. ఆమె మాత్రం సంతృప్తిగా తలూపింది. ఈమేనా అని నేను రెండుసార్లు అడిగాను. ఈమే అన్నాడు ఆ కుర్రాడు.

అలా పరిచయం అయ్యారు సుప్రియా పాఠక్.

ఆ సీరియల్ పేరు ‘కిచిడీ’. 2002లో స్టార్ ప్లస్‌లో మొదలైంది. రాసింది ఆతిశ్ కపాడియా. నిర్మించిన జె.డి. మజీఠియా అందులో హంస తమ్ముడు హిమాంశుగా వేషం కూడా వేశారు. ముంబయిలో ఒక గుజరాతీ ఉమ్మడి కుటుంబం. ఇల్లు అమ్ముకుని ఎవరి దారిన వాళ్లు పోవాలని అందరికీ ఆశ, ముసలాయన ఒప్పుకోడు. అందుకని కలిసి ఉంటారు. మన పులగంలో బియ్యం, పెసరపప్పు కలిసి ఉన్నట్టు. ఆ ఇంటి కోడలు హంస. వంటా వార్పూ అంతా తోటికోడలు జయశ్రీ నెత్తిన పడుతుంది. హంస మాత్రం వచ్చిన ప్రతివాళ్లనీ భోంచేసి వెళ్లమంటుంది. వండేది తను కాదు కదా!

మనకి హంస అంటే పాలనీ నీళ్లనీ వేరుచేసే పక్షి. ఈ హంసకి ఆ రెండూ ఒకటే. పేరు పెట్టినవాళ్లు అది తెలిసే పెట్టారో లేదో గానీ, నేనైతే ఆ రాత్రి ఆ పేరు విని ఇంకోసారి నవ్వుకున్నాను.

నా చిన్నప్పుడు తెలుగులోనూ ఇలాంటి సరదా ఉండేది. 2001లో జెమినీలో ‘అమృతం’ మొదలైంది. ఆదివారం రాత్రి అది వచ్చే వేళకి మా వీధిలో మనిషి కనపడేవాడు కాదు. కానీ అది నా భాషలో నన్ను నవ్వించింది. హంస నాకు రాని భాషలో నవ్వించింది. పైగా నాకు రాని మాటలు ఆమెకీ రావు. తేడా ఒక్కటే. నేను తెలిసినట్టు తలూపేదాన్ని, ఆమె అడిగేది.

బాకి ఇది ఎలా అర్థమైందో తెలియదు. రోజూ సాయంత్రం నన్ను పక్కన కూచోబెట్టుకుని, నేను ఏ మాటకి ఆగిపోతే అక్కడ, హంస గొంతుతో ‘అంటే ఏమిటి?’ అనిపించేది. నేను అనాల్సిందే, లేకపోతే టీ రాదు. మూడు నెలలకి స్టాఫ్ మీటింగులో మొదటిసారి చెయ్యెత్తాను. ప్రిన్సిపాల్ గారు ఏదో మాటన్నారు, అంటే ఏమిటి సార్ అని అడిగాను. ఆయన చెప్పారు. ఆకాశమేమీ విరిగి పడలేదు. మీటింగయ్యాక ఒక లెక్కల మాస్టారు నా పక్కకొచ్చి, ఆ మాట నాకూ తెలీదమ్మా, పన్నెండేళ్లుగా వింటున్నాను అన్నారు.

అప్పటినుంచి సుప్రియా పాఠక్ ఎక్కడ కనపడినా చూశాను. వెతికిన కొద్దీ ఆమె వెనకాల పెద్ద చరిత్రే ఉంది. తల్లి దీనా పాఠక్, గుజరాతీ నాటకరంగంలో పెద్ద పేరు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ‘గోల్‌మాల్’ చూసి ఉంటే, అందులో దొంగ తల్లిగా వచ్చేది ఆవిడే. సుప్రియకి మొదటి గుర్తింపు తెచ్చిన సినిమా 1981లో శ్యామ్ బెనెగల్ తీసిన ‘కలియుగ్’. మహాభారతాన్ని వ్యాపారస్థుల కుటుంబాల మధ్య తగాదాగా మార్చిన కథ అది. అందులో ఈమె సుభద్ర. దానికి ఉత్తమ సహాయనటిగా ఫిల్మ్‌ఫేర్ పురస్కారం వచ్చింది. మరుసటి ఏడు వచ్చిన ‘బజార్’ కథ మన హైదరాబాదుదే. గల్ఫ్ నుంచి డబ్బుతో వచ్చిన వయసు మళ్లినవాడికి ఒక పేదింటి పిల్లని కట్టబెడతారు. ఆ పిల్ల షబ్నమ్‌గా సుప్రియ. హంసని చూశాక ఆ సినిమా చూడటం కష్టం. మీరు కొంచెం పెద్దయ్యాక చూడండి. ఆ ఏడాదే వచ్చిన రిచర్డ్ అటెన్‌బరో ‘గాంధీ’లో మనుగా కూడా ఈమే కనిపిస్తారు.

గుంటూరుదాన్ని కాబట్టి ఒక సినిమా గురించి చెప్పకుండా ఉండలేను. 1987లో కేతన్ మెహతా తీసిన ‘మిర్చ్ మసాలా’. మిరపకారం కొట్టే కార్ఖానాలో తలదాచుకున్న ఆడవాళ్లు, తలుపు బద్దలుకొట్టి వచ్చిన సుబేదారుని కారంతోనే ఎదుర్కొంటారు. తల్లి దీనా, అక్క రత్న, సుప్రియ, ముగ్గురూ అందులో ఉన్నారు. మిరప యార్డు పక్కనుంచి ముక్కు మూసుకుని బడికెళ్లిన నాకు ఆ చివరి సన్నివేశం చూస్తూనే తుమ్ములొచ్చాయి.

అక్క పేరు చెప్పాను కదా, రత్నా పాఠక్ షా. అక్కాచెల్లెళ్లిద్దరూ 1985లోనే దూరదర్శన్‌లో ‘ఇధర్ ఉధర్’ అనే హాస్య సీరియల్‌లో కలిసి నటించారు. తర్వాత పెళ్లి, పిల్లలు, తెరకి కొన్నేళ్ల దూరం. సుప్రియ పెళ్లాడిన పంకజ్ కపూర్ కూడా మనకి కావలసినవారే. 1993లో వచ్చిన ‘జబాన్ సంభాల్‌కే’లో ఆయనది హిందీ నేర్పే మాస్టారి వేషం. దేశం నలుమూలల నుంచీ, బయటి దేశాల నుంచీ వచ్చినవాళ్లు తలొక యాసలో హిందీని చీల్చి చెండాడుతుంటే ఆయన తల పట్టుకుంటాడు. మన వృత్తిలో ఉన్నవాళ్లకి అది హాస్యం కాదు, దినచర్య.

‘కిచిడీ’ తీసినవాళ్లే 2004లో ‘సారాభాయ్ వర్సెస్ సారాభాయ్’ తీశారు. అందులో రత్న, మాయా సారాభాయ్ అనే అత్తగారు. కోడలి మాట, కోడలి ఇల్లు, కోడలి పొదుపు, ఏదీ ఆవిడకి నచ్చదు. మనీషా అనే పేరు మరీ మధ్యతరగతిలా ఉందని మోనిషా అని మార్చేసింది. ఒక ఇంటి అక్కాచెల్లెళ్లు. చెల్లెలు తెలియనిది అడిగి నవ్వించింది, అక్క అవతలివాళ్లని దిద్ది నవ్వించింది. నేను హంస పక్షం అనుకున్నాను చాలాకాలం.

2017లో నాకు ఖరగ్‌పూర్ బదిలీ అయింది. అక్కడి తెలుగువాళ్ల సంగతి మీలో రైల్వే వాళ్ల పిల్లలకి తెలిసే ఉంటుంది. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. నాలుగో తరం కూడా ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. ఏడో తరగతిలో అలాంటి ఇంటి పిల్ల ఒకతె ఉండేది. మొదటి వారం లేచి, ‘మేడమ్, ఇది ఏటి?’ అని అడిగింది. ‘ఏటి కాదమ్మా, ఏమిటి’ అన్నాను. ‘నాను రాసీసినాను’ అంది. ‘నేను రాసేశాను అనాలి’ అన్నాను. అలా రోజుకి ఐదారుసార్లు. మంచి తెలుగు నేర్పుతున్నాననే అనుకున్నాను. ఒకరోజు ఆమె లేవగానే, ఇంకా నోరు తెరవకముందే క్లాసులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల కూచుంది. దసరా సెలవులు వచ్చేదాకా మళ్లీ లేవలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే.

సెలవుల్లో ఇంటి దగ్గర ‘వేక్ అప్ సిద్’ చూశాను. 2009 నాటి సినిమా. అందులో సుప్రియ, రణ్‌బీర్ కపూర్‌కి తల్లి. కొడుకు తనతో మాట్లాడటం లేదని, వాడికి దగ్గరవుదామని వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడుతుంది. వాడు చిరాకు పడతాడు. హంసదీ వచ్చీరాని ఇంగ్లీషే. దానికి కడుపుబ్బ నవ్విన నేను, ఇక్కడ ఆ తల్లి ముఖం చూడలేక ఫోను ఆపేశాను. ఏడో తరగతి గదిలో మూడో వరసలో కూచున్న ముఖం అలాగే ఉంటుంది. నేను హంస పక్షం కానేకాదు, మాయ వారసురాలిని.

బడి తెరిచాక వర్షాలు ఇంకా తగ్గలేదు. ఒకరోజు క్లాసులో తొమ్మిదిమందే ఉన్నారు. పుస్తకం మూసేసి వాళ్లకి హంస కథ చెప్పాను. కొంగు తిప్పి ముందుకు వేసుకుని నటించి చూపించాను కూడా. బయటినుంచి చూసినవాళ్లు ఏమనుకున్నారో! ‘నేను హంసని, మీరందరూ ప్రఫుల్. నాకేమీ తెలీదు, నేను అడిగినదానికి అర్థం చెప్పాలి, ఎంత తప్పయినా పరవాలేదు’ అన్నాను. తప్పయినా పరవాలేదనేసరికి అందరికీ హుషారొచ్చింది. ‘ప్రఫుల్, సంధి అంటే ఏమిటి?’ అన్నాను. ఒకడు సంధి అంటే జ్వరం అన్నాడు. అది తప్పు కూడా కాదు.

మూడో వరసలోంచి చెయ్యి లేచింది.

‘సంది అంటే సందు మేడమ్. రెండు మాటలు ఒకే సందులోంచి ఎల్దామనుకున్నాయి. దారి సాల్లేదు. గుద్దీసుకున్నాయి. ఒకటైపోనాయి.’

క్లాసు నవ్వింది, ఈసారి చప్పట్లతో. నేను ఒక్క అక్షరం దిద్దలేదు. పన్నెండేళ్లు సంధులు చదివి, ఐదేళ్లు పాఠం చెప్పి, అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత ప్రతి శనివారం చివరి పది నిమిషాలు ఆ ఆట ఆడేవాళ్లం. చాలాసార్లు ఆ పిల్లే ప్రఫుల్. ‘ఏటి’ అలాగే ఉండిపోయింది. పరీక్షల్లో మాత్రం ‘ఏమిటి’ అని రాసేది. ఎక్కడ ఏది వాడాలో ఆమెకి మొదటినుంచీ తెలుసు. తెలియనిది నాకే.

మార్చిలో వాళ్ల నాన్నకి బదిలీ వచ్చింది. టి.సి. తీసుకోవడానికి వచ్చినప్పుడు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, ‘మేడమ్, ట్రాన్స్‌ఫర్ అంటే ఏటో చెప్పీనా?’ అంది. చెప్పమన్నాను. ‘ట్రైన్స్ ఫర్. అంటే, ఈ ట్రైన్సన్నీ ఎవరి కోసం? మాకోసమే’ అంది. ఆ మొదటి రోజుల గురించి ఆ పిల్లకి సారీ చెబుదామని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. చేతిలో మార్కుల రిజిస్టరు ఉంది, ఎవరో పిలిచారు, తిరిగి చూసేసరికి వెళ్లిపోయింది. మీ ఊళ్లో, మీ బళ్లో ఈ పత్రిక ఆమె చేతిలో పడితే ఇది చదువుతుందని ఆశ.

ధన్‌కోర్ పాత్రకి సుప్రియా పాఠక్‌కి మళ్లీ ఫిల్మ్‌ఫేర్ వచ్చింది, మొదటిదానికి ముప్పయ్యేళ్ల పైన తేడాతో. రెండూ గంభీరమైన సినిమాలకే. కానీ రోడ్డు మీద కనపడితే జనం సుభద్ర అని పిలుస్తారా, ధన్‌కోర్ అని పిలుస్తారా? హంస అనే పిలుస్తారని నా పందెం. ‘కిచిడీ’ 2010లో సినిమాగా వచ్చింది, 2023లో రెండో సినిమా వచ్చింది. ఇరవై ఏళ్లయినా హంస ఒక్క మాటా నేర్చుకోలేదు. ఆ అమాయకత్వంలో ఒక్క క్షణం కూడా నటి కనపడదు. కన్ను కొట్టడం, చూశారా నేనెంత నవ్విస్తున్నానో అన్నట్టు మనవైపు చూడటం, ఏమీ ఉండవు. ఆమె నిజంగానే తెలుసుకోవాలని అడుగుతుంది. కష్టమైన విద్య అది.

ఇప్పుడు సికింద్రాబాదులో ఉన్నాను. బా పోయి మూడేళ్లయింది. ఈ జూలైలో ఆరో తరగతిలోకి ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్ల నాన్న వైమానిక దళంలో, ఇన్నాళ్లూ జామ్‌నగర్‌లో ఉన్నారు. ఇంట్లో తెలుగే, కానీ వీడి నాలుక మీద గుజరాతీ, హిందీ ముందు వస్తాయి. వారం రోజులు చివరి బెంచీలో గోడ పక్కన తల వంచుకుని కూచున్నాడు. ఎవరేమన్నా నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు.

శనివారం వాడి బెంచీ దగ్గరికి వెళ్లి అడిగాను.

‘ప్రఫుల్, ఆవ్‌జో అంటే ఏమిటి?’

వాడు తలెత్తాడు. నాకు తెలుసు ఆ మాట. మూడేళ్లు రోజూ ఉదయం బా నోట విన్నదే.

‘రండి అని, మేడమ్. కానీ వెళ్లేటప్పుడు అంటారు.’

‘వెళ్లేవాళ్లని రండి అంటారా? అదేమిటి?’

వాడు లేచి నిలబడి క్లాసందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.