సలాలా కొండల్లో మా కుండీ మొక్క

అమ్మ మస్కట్ వచ్చినప్పుడు ముచ్చటపడి కొన్న అడీనియం మొక్కను నేనే చంపేశాను. చలికాలంలో ఆకులు రాలుతుంటే దాహమేమోనని రోజూ చెంబెడు నీళ్ళు పోశాను. మొదలు మెత్తబడి కుళ్ళిపోయింది. "మొక్క ఎలా ఉందిరా?" అని అమ్మ ఫోన్లో అడిగినప్పుడల్లా "బాగుందమ్మా" అంటూ మాట దాటేశాను.

కిందటి ఏప్రిల్‌లో సుమారు వెయ్యి కిలోమీటర్లు కారులో సలాలా వెళ్ళాం. అందరూ జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉండే ఖరీఫ్ పొగమంచు కోసం వెళతారు. (మన ఖరీఫ్ పంటదీ ఈ అరబీ మాటే!) మేం వెళ్ళేసరికి మిర్బాత్ వైపు కొండలు బోసిగా ఉన్నాయి. ఆ రాళ్ళ మధ్య దాదాపు ఆకన్నది లేకుండా, గులాబీరంగులో విరగబూసిన అడీనియాలు! కడియం నర్సరీల్లో చూసి మనదే అనుకున్న మొక్కకు ఇది పుట్టిల్లు. ఏనుగు పాదంలాంటి ఆ మొదలు నీళ్ళతొట్టి అని అప్పుడర్థమైంది. ఖరీఫ్ తుంపరలో ఆకు తొడిగి తాగుతుంది, తర్వాత నెలల తరబడి ఉపవాసం.

అక్కడి మొక్కను పెకలించలేదు లెండి. మస్కట్‌లోనే విత్తనాలు కొని, ఇసుకలో కాస్త కంపోస్టు కలిపి, చిల్లులున్న కుండీలో పైపైన నాటాను. మంచి ఎండ తగలాలి. ఆకులున్నన్నాళ్ళూ మట్టి ఆరాకే నీళ్ళు, ఆకు రాల్చాక దాదాపు బంద్. కొమ్మ విరిస్తే కారే పాలు విషం, ఆఫ్రికాలో బాణాలకు పూసేవారట. పిల్లలున్న ఇళ్ళవారు జాగ్రత్త.

అయిదు మొలిస్తే మూడు నిలిచాయి. ఇక అమ్మకు నిజం చెప్పేశాను.

"నీళ్ళెక్కువ పోసుంటావు. నీ సంగతి నాకు తెలీదూ!" అంది.