వజ్రములును కోమలియు

తొలకరి వాన వెలిసిన మఱునాడు వజ్రకరూరు, జొన్నగిరి చేలలో నడుములు వంచి, తడిసిన మంటిలో మెఱయు రాతికై కంట వత్తులు వేసికొని వెదకు జనులను గూర్చి పత్రికలలో చదివినప్పుడెల్ల నాకు బుచ్చిబాబు నవల ‘చివరకు మిగిలేది’ స్ఫురించును. మన రేణిగుంటలో గుంతకల్లు బండి యెక్కువారికి వజ్రకరూరు దూరభూమి కాదు. ఏలూరున 1916లో జన్మించి, అనంతపురమున ఆంగ్లోపన్యాసకుడై యుండిన యా రచయిత తన కథానాయకుడగు దయానిధిని కోస్తానుండి రాయలసీమకు రప్పించి, వైద్యునిగా నిలిపి, వజ్రములచే ధనవంతుని గావించెను. (సీమలో వజ్రములు దొరకును, నీళ్లే దొరకవు.)

ఇట్లే ధనవంతుడైన మఱియొక నాయకునితో అతనిని పోల్చి చూతము. ఫిట్జెరాల్డు 1925లో ప్రకటించిన నవలలో గాట్స్‌బీ పోయిన ప్రేయసి డెయిజీని మరల రాబట్టుకొనుటకే ధనము కూడబెట్టును. ఆ మేడయు, ఆ విందులును, ఆమె యెదుట కుప్పవోసిన రంగురంగుల చొక్కాలును, అన్నియు డెయిజీ కన్నులబడుటకే. దయానిధికో సంపద కోరకయే ప్రాప్తించినది. తాను వలచిన కోమలిని దానితో కొనితెచ్చుకొందమను తలంపైనను అతనికి కలుగదు. మితిమీఱిన యాత్మవిచారముతో అతడు నన్ను పలుమాఱు విసిగించినను, గాట్స్‌బీకన్న అతనినే నేనెక్కువగా నమ్ముదును. ఏలన కాలమును ధనముతో వెనుకకు త్రిప్పవచ్చునను భ్రమ అతనికి లేదు.

అన్నట్లు, 1960లో సావిత్రి నటించిన ‘చివరకు మిగిలేది’ చిత్రమునకును బుచ్చిబాబు నవలకును సంబంధము లేదు. చిత్రము చూచి నవల చదివితిమనుకొను మిత్రులు గ్రంథాలయమునకు పోవలసినదే.