వంటయిల్లును పొలముగట్టును

మన గృహములలో చదువుక్రింద లెక్కకు రాని పనులు రెండు గలవు: ఒకటి నడక, రెండవది వంట. నడక పనిలేనివాని పనియనియు, వంట ఆడువారి పనియనియు మనవారు నిర్ణయించి యుంచినారు. పిల్లవాడు పుస్తకము ముందుంచుకొని కునికిపాట్లు పడుచున్నను చదువుచున్నాడందుము. గట్టుమీద నిలిచి కొంగ చేపను పట్టు విధము అరగంటసేపు చూచినచో చెడిపోవుచున్నాడందుము. బడిలో పాఠములు చెప్పుటయే వృత్తిగా గల మాకు ఈ నిర్ణయము చాలకాలముగా సరిపడకున్నది. అందుచేత మా యింట నొక నియమ మేర్పఱచుకొంటిమి: ఆదివారము ఉదయము పిల్లలతో నడక, సాయంకాలము పిల్లలతో వంట. దానివలన మాకు కలిగిన లాభమును చదువరుల యెదుట పెట్టుచున్నాము.

మేముండునది నిజామాబాదు. ఇందూరని దీని పూర్వనామము. ఇచ్చటినుండి బోధనుకు పోవు త్రోవలో కొంతదూరము బస్సున పోయి, దిగి, కాలువగట్టుల వెంబడి నడచుట మా వాడుక. మంజీరనది కడ్డముగా 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగరపు నీరే యీ సీమకు ప్రాణము. మా కుమార్తెకు పండ్రెండేండ్లు, కుమారునకు తొమ్మిది. నీరు పల్లమెఱుగునను సామెతను వారు పుస్తకమున గాక తూముకడ నేర్చిరి. ఒక మడి నిండగానే రైతు పారతో గండి పూడ్చి నీటిని రెండవ మడికి మలుపుట చూచి మావాడు, “ఈయన గూడ ఇంజనీరేనా నాన్నా?” అనెను. సాగరమును కట్టించిన యింజనీరు నవాబు అలీ నవాజ్ జంగు అని అంతకుముందే వానికి చెప్పియుంటిమి. ఆయన పనిని కడపటి మడివఱకు నడిపించువాడు ఈ రైతేయని బదులు చెప్పితిమి.

బోధనుకడ శక్కర్‌నగరు గలదు. 1937లో నెలకొల్పబడిన నిజాం చక్కెర కర్మాగార మచ్చటిదే. మా చిన్నతనమున గానుగ ఋతువు వచ్చెనన్న చెఱకుబండ్లు బారులు తీరుచుండెను. మడ్డివాసన గాలిలో తేలివచ్చుచుండెను. కదలుచున్న బండినుండి గడ లాగుకొనుట మాకప్పటి శౌర్యము. 2002లో కర్మాగారమునందలి పెద్దభాగము ప్రైవేటువారి చేతికి పోయెను. 2015 డిసెంబరులో అది మూతపడెను. పొగలేని పొగగొట్టమును చూచి మా అమ్మాయి, “చెఱకు పండే ఊర్లనే మిల్లెందుకు మూసిన్రు నాన్నా?” అని యడిగెను.

ఇట్టి ప్రశ్న బడిగదిలో పుట్టదు. నష్టములని యొక్కమాట చెప్పి తప్పించుకొనవచ్చును గాని, దారి పొడవున్నది, పిల్ల వదలదు. కోసిన చెఱకు రోజురోజుకు తీపి తగ్గును; కనుక దానిని వెంటనే ఆడవలెను; కనుక మిల్లు తోటకు దగ్గఱ నుండవలెను. దగ్గఱి మిల్లు మూతపడినచో రైతు గడను దూరము మోయించుకొనవలెను, లేదా పంటనే మానుకొనవలెను. ఈ సీమలో చెఱకు తగ్గి వరి పెరుగుటకు గల కారణములలో నిదియొకటి. మిల్లునే నమ్ముకొన్న కూలివాని పొయ్యియు దీనితోడనే చల్లబడెను. ఇంత విని ఆ పిల్ల చాలదూరము మాటాడకుండ నడచినది. అర్థశాస్త్రమునం దింతకంటె మంచి పాఠము మాకు తెలియదు.

ఆ సాయంకాలము మిల్లు మా వంటయింటికి వచ్చినది. మిల్లులో రసమునకు సున్నము కలిపి కాచి మడ్డి తేర్చుదురనియు, గాలియొత్తిడి తగ్గించిన పాత్రలలో తక్కువ వేడిమిపై మరిగింతురనియు, పలుకులు కట్టిన పిదప వేగముగా త్రిప్పి మడ్డినుండి వేరుచేయుదురనియు చెప్పి, బెల్లము కరగించి పొయ్యిమీద పెట్టితిమి. నీళ్ళగిన్నెలో పాకము చుక్క వేసి చూచుట పిల్లల పని. మొదట చుక్క కరగిపోయినది; తరువాత మెత్తగా ఉండకట్టినది; తుదకు గిన్నె కంచున తగిలి టంగుమన్నది. అప్పుడు వేయించిన నువ్వులు పోసి, చేతులకు నేయి రాచుకొని ఉండలు చుట్టితిమి. కొన్ని గుండ్రముగాను, కొన్ని తమకు తోచిన రూపముననుండెను. రుచికి మాత్రము లోటు లేదు.

జొన్నరొట్టె మా కుమారుని పాలి విద్య. గోధుమపిండికున్న సాగుడు జొన్నపిండికి లేదు. కావున మరిగిన నీళ్ళు పోసి వేడివేడిగా పిసుకవలెను. పీటమీద అరచేతితో తట్టి, పెనముపై వేసి, పైప్రక్క తడిగుడ్డతో నీరద్దవలెను. మొదటి నెలలో వాని రొట్టెలన్నియు దేశపటములుగా నుండెను. ఇప్పుడు పుంటికూరపప్పుతో తినదగినవే అగుచున్నవి. పచ్చిపులుసులోనికి ఉల్లి తరుగుటయు, నువ్వులు దంచి కలుపుటయు వాని పనులే.

మగపిల్లవానికి పొయ్యికడ పనియేమని బంధువు లాక్షేపింతురు. నలుడు ఋతుపర్ణుని కొలువున వంటవాడు కాడా? భీముడు విరాటుని వంటయింట వలలుడు కాడా? మన వాఙ్మయమున వంటకు పేరుపడినవారు మగవారే. పేరులేక నిత్యము వండువారు మాత్రము స్త్రీలు. ఏకచక్రపురము బోధనేయని యిచ్చటివారు చెప్పుకొందురు. బకాసురునకు బండెడన్నము పోయిన కథను మా పిల్లలు ఆ పొలములలోనే వినిరి. విని మావాడు, “ఆ అన్నమంత ఎవరు వండిన్రు?” అనెను. భారతము చదివిన మాకింతవఱకెవ్వరును వేయని ప్రశ్న యది.

2019లో భారతప్రభుత్వము జరిపించిన కాలవినియోగ పరిశీలనలో, జీతము లేని యింటిపని చేయువారు స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో 26 మంది మాత్రమే. చేయువారిలోనైనను అప్పుడు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును పనిచేయుచుండిరి. మా గృహిణియు ఉద్యోగము చేయునదే. ఇద్దఱును అలసి యింటికి వచ్చి, ఒకరు కుర్చీలోనికిని ఒకరు పొయ్యికడకును పోవుట యే ధర్మమో మాకు తెలియదు.

కొడుకును పొయ్యికడకు పంపుట కంటె కూతురును పొలము గట్టునకు తీసికొనిపోవుట కష్టతరముగా నున్నది. ఈ యేడు మా పెద్దమ్మ యింటికి వచ్చి, “ఎదిగిన ఆడపిల్లను గిట్ల పొలాల పొంటి తిప్పుతవా బిడ్డా? నలుగురు ఏమంటరు?” అనెను. “పిల్ల కాళ్ళు గట్టివి పెద్దమ్మా, నలుగురి నోళ్ళకు మనమేం చేస్తం?” అంటిమి. ఆమెకు తృప్తి కలుగలేదు. ఆడుపిల్లకు వయసు వచ్చినకొలది లోకము చిన్నదగుటయు, మగపిల్లవానికి పెద్దదగుటయు ఆమె పుట్టినది మొదలు చూచినదే. అది తప్పని యొక్కపూటలో ఆమెచే అనిపించుట మా తరము గాదు. ఆ రాత్రి మాత్రము మనుమని రొట్టె త్రుంచి నోట వేసికొని, “మందమైంది, ఇంక జర పల్చగ తట్టాలె” అని వాని చేయి పట్టుకొని చూపినది. మరుసటి యాదివారము మా అమ్మాయి యెప్పటివలెనే చెప్పులు తొడిగికొని మాకంటె ముందు గుమ్మము దాటినది.

సంస్కరణమన సభలును ఉపన్యాసములునని తలంచువారు రాజ్యలక్ష్మమ్మగారిని స్మరింపవలెను. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము జరిపినపుడు వంటవారు రామనగా, ఆమె తానే నీళ్ళు మోసి వండినది. ఆనాటి సంస్కరణము ఆమె పొయ్యిమీద నిలిచినది. బోధనులో మిల్లు పుట్టిన 1937వ సంవత్సరముననే వార్ధాలో గాంధిగారి యాధ్వర్యమున జరిగిన విద్యాసభ, చేతిపని మూలముగానే చదువు చెప్పవలెనని తలపెట్టినది. మిల్లు మూతపడినది, ఆ తలంపును బడులు చాలవఱకు మఱచినవి. ఇండ్లు మఱువనక్కఱలేదు.

దీనికి ధనము వలదు, ప్రభుత్వపుటుత్తరువు వలదు. ఒక గట్టు, ఒక పెనము, వారమునకొక్క దినము చాలును. కూతురు దారి నెఱుగవలెను. కొడుకు ఉప్పు నెఱుగవలెను. తాము తిను ముద్ద ఏ మడిలో మొలచి, ఎవరి చేతిలో ఉడికి, ఎవరి చెమటతో కంచములోనికి వచ్చినదో ఇద్దఱును ఎఱుగవలెను. అది యెఱిగిన పిల్లలు రేపు తమ యిండ్లను మనకంటె న్యాయముగా నడుపుకొందురని మా నమ్మకము.