తుంగభద్రపై ఒక సాయంకాలం

ఆదోని అనగానే పత్తి మార్కెట్టు, ఎమ్మిగనూరు అనగానే మగ్గాల చప్పుడు గుర్తుకొస్తాయి. వానకు మొహం వాచిన ఈ పడమటి కర్నూలు సీమలో చేపల వేట ఏమిటని దూరప్రాంతాల పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. కానీ ఎమ్మిగనూరుకు ఉత్తరాన తుంగభద్ర పారుతున్నది. మంత్రాలయం నుండి నాగలదిన్నె వైపు ఆ నదినే నమ్ముకొని బ్రతికే జాలరి కుటుంబాలు ఉన్నాయి.

వానకాలం వెళ్లి నది కొంత నెమ్మదించిన రోజుల్లో మేము నలుగురు మిత్రులం అక్కడికి వెళ్లాము. ఇద్దరు ఆదోని వారు, ఇద్దరు ఎమ్మిగనూరు వారు. పెద్ద వాలుగను పట్టాలన్నది మా అందరి కోరిక. వాలుగకు పొలుసు ఉండదు. నోరు వెడల్పు, పళ్లు వాడి, మీసాలు పొడవు. చిన్న చేపలను మింగుతూ మీటరుకు మించి పెరుగుతుంది. పగలు లోతు మడుగుల్లో దాగి, చీకటి పడ్డాక మేతకు వస్తుంది. అందుకే సాయంకాలం బయలుదేరాము.

ఇక్కడి పడవ పేరు పుట్టి. వెదురు బద్దలతో పెద్ద గంపలా గుండ్రంగా అల్లుతారు. పూర్వం దానికి తోలు కప్పేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తున్నారు. దానికి ముందూ వెనుకా లేవు. ఒక్క తెడ్డుతో నీటిని తనవైపు లాగుకుంటూ నడపాలి. చేయి తప్పితే బొంగరంలా తిరుగుతుంది. మా పుట్టి నడిపిన పెద్దాయన చేతిలో మాత్రం అది బుద్ధిగా సాగింది.

రెండుసార్లు వల లాగితే జెల్లలు, పరిగెలు తప్ప మరేమీ రాలేదు. గలిలయ జాలరుల ఖాళీ వలలు తలచుకొని నవ్వుకున్నాము. పొద్దు గుంకుతుండగా దూరాన బండల దగ్గర నీళ్లు ఒక్కసారిగా ఎగిసిపడ్డాయి. పెద్ద చేపే! మా మిత్రుడొకడు లేచి నిలబడబోయాడు.

“అన్నా, ఆ మడుగు దగ్గరికి పోనీ. డబ్బు ఎక్కువిస్తాం.”

పెద్దాయన తెడ్డు ఆపి ఒక రాయి వైపు చూపాడు. “ఆ రాయి చూడు సార్. ఇందాక మోకాలెత్తు కనపడుతుండె. ఇప్పుడు నెత్తి మాత్రమే ఉంది. పైన నీళ్లు వదిలినట్టున్నారు. ఇంగ ఆడికి పోయేది లేదు.”

“పది నిమిషాలే కదా అన్నా!”

“చేప యాడికీ పోదు సార్. పుట్టి తిరగబడితే పోయేది మనమే.”

ఎవ్వరమూ మారు మాట్లాడలేదు. మేము ఒడ్డు చేరి వల దులిపేలోగా ఆ రాయి నీళ్లలో కలిసిపోయింది.

ఆయన భయం ఊరికే పుట్టినది కాదు. ఎగువన హోస్పేట వద్ద ఆనకట్ట ఉంది. 1953 నుండి అక్కడి గేట్లను బట్టి ఇక్కడి నీటిమట్టం మారుతుంది. 2009 అక్టోబరులో వరద మంత్రాలయాన్ని ముంచింది, నాగలదిన్నె వంతెనను తెంచింది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ ఒడ్డు గ్రామాలకు మళ్లీ కంటిమీద కునుకు లేదు.

వాలుగకు కూడా కష్టకాలమే. తొలకరి వరదలో గుడ్లు పెట్టడానికి ఎదురీదే సమయంలోనే అది సులువుగా దొరికిపోతుంది. విచ్చలవిడి వేట వల్ల తగ్గిపోతున్న చేపల జాబితాలో ఇప్పుడు దాని పేరూ చేరింది.

ఈ నదిని చూడబోయే పాఠకులకు ఒక మాట. పిల్లలతో పుట్టి ఎక్కితే గాలి జాకెట్టు అడగండి, లోపల కూర్చునే ఉండండి. వద్దని నడిపేవాడు అంటే డబ్బు ఆశ చూపవద్దు.

ఆ రాత్రి పెద్దాయన భార్య దీపం వెలుగులో చేపలను ఏరింది. కొంచెం పెద్దవి ఎమ్మిగనూరు అమ్మకానికి, చిన్నవి ఇంటి పులుసుకు. మాకు అది నిరాశ కలిగించిన వేట. ఆమెకు అది ఒక రోజు సంపాదన. మనం ఒక్క పెద్ద చేప కోసం వెళతాము. ఆ ఇంటికి మాత్రం రేపు కూడా నది కావాలి, పుట్టి కావాలి, అన్నిటికంటే ముందు క్షేమంగా తిరిగివచ్చే మనిషి కావాలి.