కార్డు మీద 146/94

గర్భిణికి బీపీ పెరిగితే నొప్పి తెలియదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. రక్తం పోతే ఇంటిల్లిపాదీ చూస్తారు, జ్వరం వస్తే చెయ్యి వేసి చెప్పొచ్చు. బీపీ 160 దాటిన మనిషి మాత్రం వంట చేస్తూనే ఉంటుంది, చేనికి పోయి పత్తి ఏరుతూనే ఉంటుంది. ప్రపంచమంతటా గర్భిణుల, బాలింతల మరణాల్లో రక్తస్రావం తర్వాతి స్థానం దీనిదే. మా ప్రసూతి వార్డులో తల్లి చనిపోయిన ప్రతిసారీ సమీక్ష కోసం కేసు షీటూ, తల్లీబిడ్డల కార్డూ ముందేసుకుని కూర్చుంటాం. బీపీతో పోయినవాళ్ల కార్డు తిరగేస్తే చాలాసార్లు హెచ్చరిక అందులో ముందే రాసి ఉంటుంది. రాశారు, కానీ ఆ అంకె చూసి ఎవరూ కదలలేదు.

ఒక కార్డు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. తండా నుంచి వచ్చిన తొలిచూలు పిల్లది. ఆరో నెలలో 110/70, ఏడులో 130/84, ఎనిమిది నడుస్తుండగా 146/94. మూడూ నీలం ఇంకుతో, ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉన్నాయి. చివరి అంకె పక్కన మూత్రపరీక్ష గడి ఖాళీ. దాని కింద మళ్లీ నెలకు రమ్మని తేదీ. 140/90 దాటిందంటే ఆ రోజే కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూడాలి, మూత్రంలో ఆల్బుమిన్ చూడాలి, రక్తపరీక్షకు పంపాలి, మందు మొదలుపెట్టాలి. ఆ పిల్ల ఐరన్ మాత్రలు తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది. పది రోజులకు తలనొప్పి మొదలైంది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు నొప్పి మాత్ర ఇచ్చాడు. మర్నాడు రాత్రి కళ్ల ముందు మెరుపులు కనిపిస్తున్నాయని, గుండెల కింద మంటగా ఉందని చెప్పిందట. గ్యాస్ అనుకున్నారు. తెల్లవారుజామున ఫిట్స్ వస్తే గాలి సోకిందని ముందు తాయెత్తు కట్టించారు. మా దగ్గరికి వచ్చేసరికి నాలుక కొరుక్కుని ఉంది, బీపీ 190/120. బిడ్డను తీయగలిగాం. తల్లి మెదడులో అప్పటికే రక్తనాళం చిట్లింది. వాళ్ల అమ్మ నన్ను ఒకటే అడిగింది: "నెలనెలా సూపిస్తనే ఉన్నం కద మేడమ్?" నిజమే, చూపిస్తూనే ఉన్నారు. ఆమె మాటకు నా దగ్గర జవాబు లేదు.

ప్రతినెలా 9న జరిగే గర్భిణుల పరీక్షల రోజు ఆస్పత్రి తిరునాళ్లలా ఉంటుంది. 2016 నుంచి నడుస్తున్న ఈ ఏర్పాటు ఎంతో మంచిది. కానీ ఆ రద్దీలో మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన మనిషికి నిలబెట్టే బీపీ చూసేస్తుంటారు. ఐదు నిమిషాలు కూర్చోనివ్వాలి. చెయ్యి గుండె ఎత్తున ఆనించాలి. లావుపాటి చేతికి పెద్ద పట్టీ కట్టాలి. ఒక పేజీలో అందరికీ 110/70 అని కనిపిస్తే నాకు భయమేస్తుంది. పాతికమంది ఆడవాళ్లకు ఒకే బీపీ ఉండదు.

పెద్దవాళ్లు బీపీతో వచ్చే ఈ ఫిట్స్‌ని గుర్రపువాతం అనేవారు. పాతతరం డాక్టర్లు ఇలాంటివాళ్లను చీకటి గదిలో, చప్పుడు లేకుండా పడుకోబెట్టేవారు. మద్రాసులో డాక్టర్ కృష్ణ మీనన్ 1960ల మొదట్లో మూడు మత్తుమందులు కలిపి ఇచ్చే పద్ధతితో ఎందరినో బతికించారు. అమెరికాలో డాలస్‌లో డాక్టర్ ప్రిచర్డ్ నమ్ముకున్నది మెగ్నీషియం సల్ఫేటును. 1984లో ఆయన బృందం తమ దగ్గర ఫిట్స్‌తో చేరిన 245 మంది లెక్క ప్రకటించింది. అందులో చనిపోయింది ఒక్కరే. మూర్ఛకు మామూలుగా వాడే మందులకన్నా ఇదే మేలని 1995లో తేలింది. 2002లో 33 దేశాల్లో పదివేలమందికి పైగా గర్భిణులపై జరిగిన పరీక్షలో ఫిట్స్ రావడమే సగానికి పైగా తగ్గింది. ఇంత సాక్ష్యమున్న మందు ధర చాలా తక్కువ. ఫ్రిజ్ కూడా అక్కర్లేదు.

అయినా ఈ ఇంజెక్షన్ అంటే కింది ఆస్పత్రుల్లో జంకు పోలేదు. "మా చేతుల్లో ఏమన్నా అయితే?" అని సిస్టర్లు అడుగుతారు. ఆ భయాన్ని నేను తీసిపారేయను, మోతాదు మించితే ఊపిరి ఆగే మందే. కాకపోతే పంపించే ముందు ఇచ్చే తొలి మోతాదు పది గ్రాములు, చెరో పిర్రకు ఐదేసి ఆంపూళ్లు, కండలోకి లోతుగా. అంతవరకు ప్రమాదం చాలా తక్కువ. తర్వాతి మోతాదులకు ముందు మోకాలి మీద తట్టి కాలు కదులుతోందా, ఊపిరి నిమిషానికి పదహారుకు తగ్గకుండా ఉందా, మూత్రం సరిగా వస్తోందా చూసుకుంటాం. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే పెట్టుకుంటాం. ఒక వానాకాలం రాత్రి, వాగు పొంగి 108 రావడం ఆలస్యమైతే, సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎం ఒక్కతే ఫిట్స్ వచ్చిన గర్భిణికి ఆ పది ఆంపూళ్లూ ఎక్కించి, ఏ టైముకి ఎంత ఇచ్చిందో ఆ పిల్ల ముంజేతికి అంటించిన ప్లాస్టర్ మీద రాసి పంపింది. రెండు గంటల ప్రయాణంలో మళ్లీ ఫిట్ రాలేదు. మగతలో ఉన్న ఆ పిల్ల మాకు పేరు చెప్పింది. ఆ రాత్రి తల్లిని కాపాడింది మేం కాదు, ఆ ఏఎన్‌ఎం. నేను మీటింగుల్లో ఈ సంగతి చెబుతూనే ఉంటాను.

మందులు ఫిట్స్ ఆపుతాయి, బీపీ దించుతాయి. రోగం వదిలేది మాత్రం కాన్పుతోనే. ఇక్కడ మాకు ఇంకో గోడ అడ్డొస్తుంది. "ఏడో నెలోడన్నా బతుకుతడు గని ఎనిమిదో నెలోడు బతుకడు మేడమ్, తొమ్మిది పడనియ్యిండ్రి" అని ముసలమ్మలు చేతులు జోడిస్తారు. వాదిస్తే లాభం లేదని, ఒకావిడను చెయ్యి పట్టుకుని ల్యాబుకు తీసుకెళ్లాను. మనవరాలి మూత్రం గాజుగొట్టంలో పోసి దీపం మీద వేడిచేస్తే పాలు విరిగినట్టు తెల్లగా గడ్డకట్టింది. ఆవిడ అది చాలాసేపు చూసి, "ఇదంత ఒంట్లకెళ్లి పోతున్నదా?" అని సంతకానికి కొడుకును పిలిచింది. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి, రెండు రోజులు ఆగి కాన్పు చేశాం. ఎనిమిది నెలల బిడ్డ ఏడు నెలల బిడ్డకన్నా ఎప్పుడూ మెరుగే. అవసరమైనప్పుడు కాన్పు ఆపకూడదన్న మాట, ముహూర్తం కోసం ఆగుదామనే చదువుకున్నవాళ్లూ వినాలి.

ముందుగా ఆపుకోగలిగిందీ కొంత ఉంది. కిందటి కాన్పులో బీపీ వచ్చినవాళ్లకు, కవలలు ఉన్నవాళ్లకు, ముందునుంచే షుగరో బీపీయో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్లకు మూడో నెల నిండగానే చిన్న మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడితే ముప్పు తగ్గుతుంది. పదహారు వారాలు దాటాక మొదలుపెడితే ఫలం తక్కువ. కాల్షియం మాత్రలు ఉచితంగా ఇస్తున్నాం, చాలా ఇళ్లలో అవి కవరులోనే ఉండిపోతున్నాయి. వాటిని వదిలి ఉప్పు మానిపిస్తారు, దానివల్ల ఈ జబ్బు ఆగదు. కాళ్ల వాపు చాలామందికి మామూలే. ముఖం ఉబ్బినా, గాజులు చేతికి బిగుసుకున్నా అదే రోజు బీపీ చూపించుకోవాలి.

కాన్పు అయిపోయింది, గండం గడిచిందనుకునే వారం నాకు అన్నిటికన్నా బెంగ. బీపీ మూడో రోజుకీ ఆరో రోజుకీ మధ్య మళ్లీ ఎగబాకుతుంది. సరిగ్గా అప్పుడే డిశ్చార్జి చేసి పుట్టింటికి పంపుతాం. చెవుల్లో దూది, తలకు గుడ్డ కట్టుకున్న బాలింత తల పగిలిపోతోందంటే చలిగాలి కొట్టిందంటారు, నిద్ర లేక అంటారు. ఒక తమ్ముడు మాత్రం ఐదో రోజు రాత్రే అక్కను బైకు మీద కూర్చోబెట్టి, వెనక తల్లిని పట్టుకోమని తీసుకొచ్చాడు. 174/112. ఫిట్ రాకముందే మెగ్నీషియం ఎక్కించాం, లాబెటలాల్ ఇచ్చాం. పంపేటప్పుడు, ఏ రోజుల్లో ఇంటికి వెళ్లి బీపీ చూడాలో ఆశా కార్యకర్తకు ఫోన్లో చెప్పి, ఆ అక్కను ఆరు వారాలకు మళ్లీ రమ్మన్నాను. వచ్చింది, మందు ఆపగలిగాం. ఇలాంటివాళ్లకు ముందుముందు బీపీ, గుండెజబ్బు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఏటా ఒకసారి చూపించుకోమని, మళ్లీ నెల తప్పితే మూడో నెల దాటకుండా నా దగ్గరికి రమ్మని ఆమె కార్డు అట్ట మీద ఎర్ర ఇంకుతో రాసి, తమ్ముడి చేత పైకి చదివించాను.