కపిల మాను సిలువ

మా ఊళ్ళో సిలువలు రెండు. ఒకటి పెద్దగుడిది, ఒకటి మాదిగ గేరిది. దేవుడొక్కడే గదా, సిలువలు రెండెందుకని మీరడగచ్చు. చెప్తా.

పెద్దగుడి సిలువ ఏ దేశపు కొయ్యో గానీ నల్లగా, నున్నగా మెరుస్తాండేది. గుడ్ ఫ్రైడే నాడు రెడ్డోళ్ళ పిల్లోళ్ళు దాన్ని భుజానికెత్తుకుని ఊరు తిప్పేవాళ్ళు. పద్నాలుగు స్థలాల్లో ఆగి ప్రార్థన. ఆఖరి స్థలం రెడ్డోళ్ళ వీధి కొసన, చింతమాను కాడ. ఆణ్ణుంచి మా గేరి రాయి విసిరితే పడేంత దూరం. సిలువ మాత్రం ఆణ్ణే మళ్ళుకునేది. మేం దాని వెనకాల నడిచినోళ్ళమే గానీ ముట్టుకున్నోళ్ళం కాదు.

ఒకేడు మా అబ్బ అడిగినాడు. 1970ల నాటి మాట. నాకప్పుడు పదేళ్ళు. వరసగా వానల్లేవు, శెనిక్కాయ పూతకే మాడిపోయింది. "సామీ, ఈ ఒక్కతూరి సిలువను మా గేరిలోకి తేండి. ముసలోళ్ళు, జబ్బు పడినోళ్ళు గడప దాటలేకుండారు" అని చేతులు కట్టుకుని అడిగినాడు. ఫాదరు పెద్దమనుషుల మొగం చూసినాడు. పెద్దమనుషులు నేల చూసినారు. "దారి సన్నం గదరా, సిలువ మలుపు తిరగదు" అన్నాడు ఒకాయన.

ఆ దారిన్నే శెనిక్కాయ బండ్లు తిరిగేవి.

అబ్బ మారు మాట్లాడలేదు. రెడ్డి బావికి కపిల తొండం కుట్టేది ఆయనే. తోలు మాది, కుట్టు మాది, నీళ్ళు వాళ్ళవి. మోటార్లొచ్చినాక కపిల ఆగిపోయింది, ఆ తర్వాత బావే ఎండిపోయింది. కపిల దూలం గట్టు మీద ఊరికే పడుండేది. తనకు రావాల్సిన మేర గింజలకు బదులు ఆ దూలం ఇమ్మన్నాడు అబ్బ. పొయ్యిలోకేమో అనుకుని ఇచ్చేసినారు. వడ్లాయన మా గేరికి రాడు. అందుకని అబ్బే అరువు బాడిసెతో వారం రోజులు చెక్కి సిలువ చేసినాడు. నున్నగా రాలేదు. అడ్డకొయ్య మీద మోకు ఒరుసుకుపోయిన గాడి అట్లనే మిగిలిపోయింది. జేజి ఆ గాడిలో ఆముదం రాసి, "సామి భుజమ్మీద పుండు ఇట్లనే ఉండుంటాది" అనింది. ఆ ఏడు నుంచి మా గేరిలో మా సిలువ తిరిగింది.

చానా ఏండ్ల తర్వాత చదువుకున్నా. ఈ సీమలోకి సిలువ వచ్చిన దారే అట్లాంటిదని అప్పుడు తెలిసింది. 1700 తర్వాత పాండిచ్చేరి నుంచి ఫ్రెంచి యేసుసభ ఫాదర్లు పుంగనూరు, కృష్ణాపురం మీదుగా వచ్చినారు. సన్యాసుల బట్టలు కట్టినారు, మాంసం మానినారు, పై కులాలోళ్ళు దగ్గరికి రానిచ్చేట్టు బతికినారు. అంటరానోళ్ళ ఇండ్లలో కాలు పెడితే పై కులాలోళ్ళు దూరమైపోతారని భయం. 1704లో పోపు ప్రతినిధి టూర్నన్, జబ్బు పడిన పరయల ఇండ్లకు పోయి మరీ వాళ్ళకు సంస్కారాలివ్వాలని ఉత్తర్వు చేసినాడు. దాని మీద నలభై ఏండ్లు తగాదా నడిచింది. 1744లో పోపు పద్నాలుగో బెనెడిక్ట్ తేల్చిందేమి? అంటరానోళ్ళకు వేరే ఫాదర్లను పెట్టుకోవచ్చునన్నాడు. మా అబ్బ అడిగింది టూర్నన్ ఉత్తర్వులో ఉండేదే. ఆయనకు చదువు రాదు, ఆ సంగతి ఎవురూ చెప్పలేదు.

ఇంగ సర్కారు సంగతి. 1950 ఉత్తర్వుతో సిలువ మొక్కిన మాదిగ ఎస్సీ కాకుండా పోయినాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపినారు. మమ్మల్ని కలపలేదు. చింతమాను కాడ మాదిగోళ్ళమే, తాలూకాఫీసులో మాత్రం కాదు.

2020 మార్చి 27న అనంతపురంలో అమ్మా నేనూ టీవీ ముందర కూచున్నాం. లాక్‌డౌన్. రోమ్‌లో ఖాళీ మైదానంలో పోపు ఫ్రాన్సిస్ ఒక్కడే నడిచొస్తాండాడు. వెనక ఒక పాత కొయ్య సిలువ. వాన. "తడుస్తాండాడే సామి! గొడుగన్నా పట్టరేమి?" అనింది అమ్మ. మళ్ళా ఆమే, "ఆ వాన మనకాడ పడితే ఏమి" అనింది.

అది సాన్ మార్చెల్లో గుడి సిలువ. మధ్యయుగాల నాటిది. 1519 మే నెలలో ఒక రాత్రి ఆ గుడి తగలబడి కూలిపోయింది, కొయ్య సిలువ మాత్రం నిలిచింది. 1522లో రోమ్‌లో ప్లేగు. జనం గుమిగూడొద్దని అధికారులన్నా వినకుండా ఆ సిలువనెత్తుకుని వీధులు తిప్పినారు. ఆగస్టు 4 నుంచి 20 దాకా తిరిగింది. అన్ని రోజులెందుకంటే, ఏ పేటోళ్ళు ఆ పేటలో, మాకాడ ఇంగా కాసేపుండనీండని ఆపుకున్నారంట. ఈ మాట చదివినాక నాకు చానాసేపు నిద్ర రాలేదు. ప్లేగు వీధులకు పోయిన సిలువకు, మా వీధి మలుపు సన్నమైంది.

2000 మార్చిలో అదే సిలువను కావలించుకుని పోపు జాన్ పాల్, సంఘం చేసిన పాపాలకు క్షమాపణ అడిగినాడు. జాతి భేదం మాట వచ్చింది, కులం మాట రాలేదు. 2003లో తమిళనాడు బిషప్పులకు కులం గురించి గట్టిగానే చెప్పినాడు. ఇంత ఆలస్యంగానా అని నా కడుపుమంట.

2020 గుడ్ ఫ్రైడేకు గుళ్ళన్నీ మూసినారు. పెద్దగుడి సిలువ బయటికి రాలేదు. నేను ఎట్లనో ఊరు చేరుకున్నా. పొద్దుగూకినాక మా చిన్నాయన కొడుకూ నేనూ అబ్బ సిలువనెత్తుకుని గడప గడప ముందరా నిలబెట్టినాం. కొయ్య బరువుకు మలుపు తప్పి చింతమాను దాకా పోయినాం. రెడ్డోళ్ళ ముసలామె ఒకామె అరుగు మీద కూచోనుంది. కొడుకులు బెంగుళూర్లో ఉండిపోయినారు. "ఇట్ల తేండి నాయనా" అనింది. మా తమ్ముడు నా మొగం చూసినాడు. తీసుకపోయినాం. ఆమె వంగి, మోకు గాడిలో వేలు పెట్టి, "ఇదేంది ఇట్ల అరిగింది?" అని అడిగింది. మీ బావి నీళ్ళకమ్మా, అన్నా నేను.

2022 ఆగస్టులో మన రాయలసీమ బిడ్డ, హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోని కార్డినల్ అయినాడు. దేశంలో మొదటి దళిత కార్డినల్. మా గేరిలో మిఠాయి పంచుకున్నాం. మరుసటేడు గుడ్ ఫ్రైడేకు పనిగట్టుకుని ఊరికి పోయి చూసినా. పెద్దగుడి సిలువ బయల్దేరింది. చింతమాను కాడ మళ్ళుకుంది.