పంది మాంసం, మెదడులో పురుగు

పంది మాంసం తింటే మెదడులో పురుగులు పడతాయని మన దగ్గర గట్టి నమ్మకం. సరిగా ఉడకని మాంసంతో వచ్చేది పేగుల్లో బద్దెపురుగు. మెదడుకు చేరి మూర్ఛ తెప్పించేది దాని గుడ్లలోంచి వచ్చే పిల్ల పురుగు. ఆ గుడ్లు బయటికొచ్చేది బద్దెపురుగు ఉన్న మనిషి మలంలో! మురుగునీళ్లతో పండిన ఆకుకూరల మీద, కడుక్కోని చేతుల మీద అవి మన నోట్లోకి చేరతాయి. అందుకే జన్మలో మాంసం ముట్టనివాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. ఇది తెలియక పందుల్ని పెంచేవాళ్లనీ తినేవాళ్లనీ చీదరించుకోవడం చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

బాగా ఉడికించిన కండలో మంచి ప్రోటీన్ ఉంటుంది, బి1 విటమిన్ అయితే కోడి మాంసంలో కంటే బాగా ఎక్కువ. కొవ్వు ముక్కలు మాత్రం గుండె జబ్బున్నవాళ్లు తగ్గించాల్సిందే.

నా అసలు భయం బేకన్, హామ్, సాసేజ్‌ల గురించి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఇలా నిల్వచేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. పిల్లల టిఫిన్ డబ్బాల్లో రోజూ సాసేజ్‌లు పెట్టే అమ్మానాన్నలూ, దయచేసి తగ్గించండి.